ఐ.పి. ప్లీడరు గారి అరుగు

చిత్తూరులో ఒక మనిషి పరువు పోవడానికి అతను దివాలా తీయనక్కరలేదు. మా సీనియరు వరదాచారి గారి అరుగు మీద ఒక కాఫీ తాగేంతసేపు కూర్చుంటే చాలు. గ్లాసు కింద పెట్టేలోపు ఆ కబురు బజారువీధి దాటి, బస్టాండుకు పోయి, బంగారుపాళ్యం బస్సెక్కి కూర్చునేది.

వరదాచారి గారిని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి అనరు. ఐ.పి. ప్లీడరు అంటారు. డెబ్బైల్లో నేను ఆయన దగ్గర జూనియరుగా చేరానని తెలిసి మా అమ్మ రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. అబ్బాయి ఏం చేస్తున్నాడని చుట్టాలు అడిగితే "కోర్టులో పని" అని మాట మార్చేసేది.

ఇప్పుడు నేను కోర్టు మానేశాను. కొత్తగా నల్లకోటు కుట్టించుకున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, దివాలా చట్టం గురించి నాలుగు ముక్కలు చెప్పండి సార్ అంటారు. సెక్షన్లన్నీ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండి. మీరు చదవరని నాకు తెలుసు, మేమూ చదవలేదు. అందుకని పుస్తకంలో లేనివి రాసిపెడుతున్నాను.

రెండక్షరాలు

ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చే దారి లేని మనిషి కోర్టుకు వెళ్లి, నాకున్నది ఇదీ, నేను ఇవ్వాల్సింది ఇదీ, ఇక నావల్ల కాదు, మీరే పంచండి అని చెప్పుకోవడం. కోర్టు ఒప్పుకుంటే ఆస్తి, కోర్టు నియమించిన రిసీవరు చేతికి పోతుంది. ఆయన దాన్ని అమ్మి, వచ్చిన డబ్బును అప్పులవాళ్లందరికీ వాళ్ల వాళ్ల బాకీని బట్టి పంచుతాడు. ఈలోపు కోర్టు అనుమతి లేకుండా ఎవరూ అతని మీద దావా వేయకూడదు, అరెస్టు చేయిస్తామని తిరగకూడదు. చివర్న కోర్టు విడుదల ఇస్తే మిగిలిన బాకీ పోతుంది. సర్కారు బాకీ పోదు, మోసం చేసి తెచ్చిన బాకీ పోదు.

ఇంతేనా అంటారు మీరు. ఇంతే. మునిగినవాడు బతికినన్నాళ్లూ మునిగే ఉండాలని లేదు కదా అని ఎవరో బుద్ధున్న మనిషి రాసిన చట్టం ఇది. మా జిల్లాలో మాత్రం ఈ చట్టం అవసరం లేనివాళ్లు దీన్ని ఎడాపెడా వాడుకున్నారు. అవసరమున్నవాళ్లు సిగ్గుతో చచ్చి, ఒంటి మీద బంగారం, ఇంటి మీద రేకులు అమ్ముకున్నాక వచ్చారు. అప్పటికి రిసీవరు చేతికి ఇవ్వడానికి వాళ్ల దగ్గర తాళంచెవి తప్ప ఏమీ ఉండేది కాదు.

నగరి నుంచి ఒక నేతగాడు వచ్చాడు. తన మగ్గం విప్పదీసి బావమరిది ఇంటి అటక మీద దాచి వచ్చానని గొప్పగా చెప్పాడు. చేతిపని పనిముట్లు, వంటగిన్నెలు, కట్టుబట్టలు కోర్టు ముట్టుకోదయ్యా, వాటిని చట్టమే నీకు వదిలేసింది, దాస్తేనే తప్పు అని చెబితే అతను నమ్మలేదు. కోర్టు ఏదైనా వదిలేస్తుందంటే మావైపు ఎవరూ నమ్మరు. చివరికి వరదాచారి గారు బండి మాట్లాడించి మగ్గాన్ని తిరిగి అతని ఇంట్లో బిగించాకే పిటిషన్ రాశారు.

పుత్తూరు ఆసామి ఒకాయన ఇంకో రకం. కోర్టు తనను దివాలాదారుగా ప్రకటించిన ఆర్డరుకు ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. రోజూ అగరొత్తులు. ఆ ఆర్డరు సగం పనేననీ, కోర్టు పెట్టిన గడువులోపల విడుదల కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలనీ మేం చెప్పిన మాట ఆయన చెవికి ఎక్కలేదు. గడువు దాటింది, కోర్టు ఆర్డరు కొట్టేసింది, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మంలోకి వచ్చారు. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకుని, మళ్లీ రమ్మన్న రోజు వెళ్లకపోతే ఏమవుతుందో, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరువాడికి నేను చెప్పాలా? ఆ పటం మాత్రం గోడ మీదే ఉందని, పండగలకు దండ కూడా వేస్తున్నారని తర్వాత విన్నాను.

కాఫీతోనా, కాఫీ లేకుండానా

వరదాచారి గారి ఇల్లు కోర్టుకు దగ్గర్లో ఉండేది. వీధివైపు పొడుగాటి అరుగు, నున్నగా నాపరాళ్లు పరిచింది. ఎదురుగా ఒక బీడీ బంకు. బంకు అతను అమ్మే బీడీలకంటే చేరవేసే కబుర్లు ఎక్కువ. అరుగు మీద ఎవరు కూర్చున్నదీ, ఎంతసేపు కూర్చున్నదీ అతనికి తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

అందుకని నిజంగా మునిగినవాళ్లు అరుగు ఎక్కేవాళ్లు కాదు. వెనక సందులోంచి, బావి పక్కనుంచి వచ్చేవాళ్లు. ఒకాయన చేతిలో పెళ్లి శుభలేఖలు పట్టుకుని వచ్చాడు, పిలుపుకు వచ్చినట్టు కనిపిద్దామని. ఆ శుభలేఖలు ఎవరివో ఆయనకే తెలియదు.

ఇంక అరుగు ఎవరికోసమంటే, బెల్లం మండీ దొరసామి లాంటివాళ్లకోసం. దొరసామి లావుపాటి మనిషి, మెత్తటి మాట, నాలుగు వేళ్లకు నాలుగు రాళ్ల ఉంగరాలు. వ్యాపారానికి ఢోకా లేదు. అయినా ఏడాదికో రెండేళ్లకో ఆయనకు తన అప్పులు బరువుగా ఉన్నట్టు తోచేది. అలా తోచిన రోజు ఇస్త్రీ పంచె కట్టుకుని, పొద్దున్నే వచ్చి అరుగు మీద వీధికి ఎదురుగా కూర్చునేవాడు. వరదాచారి గారి ఇంట్లోంచి ఇత్తడి గ్లాసులో కాఫీ వచ్చేది.

దీనికి ఒక లెక్క ఉంది. ఉత్తినే కూర్చుంటే, సలహాకు వచ్చాడని అర్థం. కాఫీ ఇస్తే, ప్లీడరు కేసు ఒప్పుకున్నాడని అర్థం. వరదాచారి గారు కళ్లజోడు పెట్టుకుని, తెల్ల కాగితాలు పట్టుకుని బయటికి వచ్చారంటే ఇక అయిపోయింది, పిటిషన్ రాస్తున్నారు. ఒక్కో మెట్టుకూ, అప్పులవాళ్లు సరిపెట్టుకునే మొత్తం రూపాయికి రెండణాలు తగ్గేది. పైసలు వచ్చి ఎన్నేళ్లయినా ఇలాంటి బేరాలు అణాల్లోనే జరిగేవి. కాఫీ సగం కాకముందే అప్పులవాళ్లు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చేవాళ్లు. ముందు తిట్లు, తర్వాత బతిమాలడాలు. అరుగు దిగు దొరసామీ, ఇంటికి పోయి మాట్లాడుకుందాం అని చెయ్యి పట్టుకుని లాగేవాళ్లు. చివరికి రూపాయికి పదణాలకు తెగేది. ఆ పదణాలూ దొరసామి పక్కనున్న గుడ్డసంచిలోనే ఉండేవి. అక్కడికక్కడే లెక్కబెట్టి ఇచ్చేసి, తుండుగుడ్డ దులుపుకుని వెళ్లిపోయేవాడు. వరదాచారి గారికి ముట్టాల్సింది ముట్టేది. మా ఆఫీసులో దాన్ని అరుగు ఫీజు అనేవాళ్లం.

ఇది దోపిడీ కాదా అని నేను ఒకసారి మా సీనియరుని అడిగాను. కుర్రతనం. ఆయన కోపగించుకోలేదు.

"నేను పిటిషన్ వేసినానా? లేదు. అబద్ధం ఒకటన్నా చెప్పినానా? లేదు. కాఫీ ఇచ్చినాను, ఆయన తాగినాడు. వాళ్లు భయపడితే నన్నేం చేయమంటావయ్యా?"

ఆ జవాబులో తప్పు పట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చట్టం పుస్తకంలో ఆ తప్పు ఇప్పటికీ దొరకలేదు. మా సీనియరు చెడ్డవాడని చెప్పను, పని నేర్పిన మనిషి. కానీ ఆయనకు చట్టం మీద ఉన్న గౌరవం, వంటవాడికి గరిటె మీద ఉండేలాంటిది.

పూత మీద కొన్న తోట

చెంగల్రాయులుది బంగారుపాళ్యం. అతని పని మామిడితోటలు గుత్తకు పట్టడం. పూత మీద ఉండగానే తోటకు ధర కట్టి, కాయ కోసి అమ్ముకుని లాభమో నష్టమో చూసుకుంటారు. అంటే కాయ చూడకుండా పూత చూసి పందెం కాయడం. ఆ ఏడు చెట్టుకు ఆకు కనపడనంత పూత వచ్చింది. చెంగల్రాయులు ఉన్నది పెట్టి, చాలక దొరసామి దగ్గర, గోనెసంచుల కొట్టాయన దగ్గర, ఇంకొందరి దగ్గర అప్పు తెచ్చి తోటల మీద తోటలు పట్టాడు. కాయ కోతకు వచ్చే ముందు ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే తోటంతా నేల మీద ఉంది. పచ్చిగా రాలి, దెబ్బతిని, ఊరగాయకు కూడా ఎవరూ అడగలేదు.

దొరసామి దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు. తర్వాత అరెస్టు వారంటు. అప్పట్లో బాకీ తీర్చనివాణ్ణి సివిలు జైలుకు పంపించవచ్చు. కానీ జైల్లో ఉన్నన్నాళ్లూ అతని తిండి ఖర్చు, దాన్ని బత్తా అంటారు, అప్పు ఇచ్చినవాడే ముందుగా కట్టాలి. ఆ సంగతి తెలిసిన రోజు దొరసామి కోర్టు వరండాలో నిలబడి చేసిన ప్రసంగం నాకు ఇంకా జ్ఞాపకం. దుడ్లు నావి పోయె, ఇంక కూడు కూడా నేనే పెట్టాలనా అని. అయినా పట్టుదల కొద్దీ బత్తా కట్టడానికి సిద్ధపడ్డాడు. చెంగల్రాయులుకు ఇద్దరు చిన్నపిల్లలు. అతను జైలుకు వెళ్తే ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు.

అప్పుడు వచ్చాడు మా దగ్గరికి. వెనక సందులోంచి కాదు, తిన్నగా వీధిలోంచి వచ్చి, ప్లీడరు గారు కోర్టు నుంచి ఇంకా రాలేదంటే, అరుగు మీదే కూర్చున్నాడు. నేను కంగారుపడి లోపలికి రమ్మన్నాను.

"ఈడ కూర్చుంటే ఏమి సార్? నేను వచ్చింది దానికే గదా" అన్నాడు.

బంకు అతను తన పని తాను చేశాడు. కాసేపటికి దొరసామి తప్ప మిగతా అప్పులవాళ్లంతా దిగారు. బేరం మొదలుపెట్టారు. చెంగల్రాయులు లేచి నిలబడి, లేదప్పా, నేను నిజంగానే ఐ.పి. పెడతా ఉండాను అన్నాడు. ఇంత గట్టిగా మాట్లాడిన మనిషిని ఆ అరుగు మీద వాళ్లెప్పుడూ చూడలేదు. పన్నెండణాలన్నారు. నాదగ్గర లేదన్నాడు. పదన్నారు, ఎనిమిదన్నారు. లేదన్నాడు. వాళ్లంతట వాళ్లే ఆరణాలకు దిగారు. అతను చేతులు జోడించి అదే మాట చెప్పాడు. చివరికి, వీడు దొరసామికంటే ఘటికుడు అనుకుంటూ వెళ్లిపోయారు. ఉన్నదున్నట్టు చెప్పినవాడికి మావాళ్లు ఇచ్చిన బిరుదు అది.

వరదాచారి గారు వచ్చి అతని ఆస్తి రాయించారు. రెండెకరాల మెట్ట, రేకుల ఇల్లు, ఎద్దులు, బండి. అవి చెప్పి, చెంగల్రాయులు జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. అతని భార్య గాజులు. వరదాచారి గారు ఆ పొట్లం వంక చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన దగ్గరికి వచ్చిన క్లయింట్లంతా దాచడం ఎలాగో అడిగినవాళ్లే.

తన సొంతం అనుకున్న అరుగు మీద తన బాకీదారుకు కేసు రాస్తున్నారని దొరసామికి తెలిసింది. నొచ్చుకుని వచ్చాడు. ఇన్నేళ్ల పరిచయం సామీ అన్నాడు. నువ్వు అరుగు క్లయింటువి, అతను లోపలి క్లయింటు, రెండూ వేరు అని వరదాచారి గారు చెప్పి పంపేశారు. ఆ ఒక్క రోజుకు ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ మాఫీ చేశాను.

పొద్దున ఏం తిన్నావు

అప్పటి సబ్ జడ్జి గారికి ఒక అలవాటు ఉండేది. ఐ.పి. వేసిన ప్రతివాణ్ణీ బోనులో నిలబెట్టి మొదటి ప్రశ్న అదే అడిగేవారు. పొద్దున ఏం తిన్నావు? దోసె, ఇడ్లీ అన్నాడో, అయితే నీ దగ్గర డబ్బులున్నాయన్నమాట అని మొదలుపెట్టేవారు. ఈ సంగతి తెలిసి చిత్తూరు ప్లీడర్లంతా క్లయింట్లకు ఒకటే పాఠం చెప్పేవాళ్లు. రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి. నేతి వాసన కొట్టే చేతులతో ఒకడు సంగటి అని చెప్పడం నేను కళ్లారా చూశాను. జడ్జి గారు తృప్తిగా తల ఊపి రాసుకునేవారు.

చెంగల్రాయులుకు కూడా పాఠం చెప్పాను. అతను బుద్ధిగా విన్నాడు.

విచారణ రోజు కోర్టు గుమ్మం దగ్గర వారంటు పట్టుకుని అమీను నిలబడి ఉన్నాడు. పిటిషన్ కొట్టేస్తే అటునుంచి అటే తీసుకుపోవడానికి. చెంగల్రాయులు బోను ఎక్కాడు. జడ్జి గారు అడగాల్సింది అడిగారు.

"ఇడ్లీ సామీ" అన్నాడు.

వరదాచారి గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. జడ్జి గారు కలం పట్టుకున్నారు. అయితే డబ్బులున్నాయన్నమాట అన్నారు. లేవు సామీ, రంగమ్మ పెట్టింది అన్నాడు. రంగమ్మ ఎవరన్నారు. బంగారుపాళ్యం బస్టాండులో ఇడ్లీలు అమ్ముతుంది, కాయ కోతల కాలంలో తోటకు వచ్చి కూలీలకు వండిపెడుతుంది అన్నాడు. ఊరికే పెట్టిందా అన్నారు.

"ఊరికే ఏమి లేదు సామీ. ఆయమ్మకి నేనే బాకీ. ఆవును అమ్మి అప్పిచ్చింది. మూటలు మోసి కూలి వచ్చినప్పుడల్లా పదో ఇరవయ్యో ఇస్తా ఉండాను."

దొరసామి తరఫు ప్లీడరు లేచాడు, లేవకపోతే తప్పు. అప్పులవాళ్ల జాబితాలో రంగమ్మ పేరు లేదు. అంటే కోర్టుకు ఒక అప్పును దాచాడు. పైగా పిటిషన్ వేశాక మిగతావాళ్లను వదిలేసి ఒక్కరికి చాటుగా డబ్బు కడుతున్నాడు. ఇలాంటివాడికి రక్షణ ఇవ్వడమేమిటి, పిటిషన్ కొట్టేయండి అన్నాడు. చట్టప్రకారం ఆ ప్లీడరు చెప్పిన దాంట్లో తప్పు లేదు. అందరినీ ముంచిన దొరసామి కాగితం మీద కడిగిన ముత్యం. గాజులు కూడా తెచ్చి బల్ల మీద పెట్టినవాడు కాగితం మీద దొంగ. జడ్జి గారు రంగమ్మను పిలిపించమని వాయిదా వేశారు. అమీను వారంటు మడిచి జేబులో పెట్టుకున్నాడు, పారేయలేదు.

బయటికి రాగానే నేను చెంగల్రాయులు మీద విరుచుకుపడ్డాను. ఇడ్లీ సంగతి సరే, ఆమె పేరు ఎందుకు చెప్పలేదయ్యా అని. అతను తల వంచుకున్నాడు.

"దొరసామికి నోటీసు పోతే అది యాపారం సార్. ఆయమ్మకి కోర్టు కాగితం పంపిస్తే, నీ దుడ్లు ఎగ్గొడతా ఉండానని చెప్పినట్టే గదా. రేపు మొగం యాడ పెట్టుకునేది?"

పిల్లలూ, ఈ తప్పు ఏ పుస్తకంలోనూ ఉండదు. మావైపు ఐ.పి. నోటీసు అంటే చెంపదెబ్బ. చెంపదెబ్బ ఎవరికి తగలకూడదని ఆ మనిషి అనుకుంటాడో, వాళ్ల పేరే జాబితాలోంచి జారిపోతుంది. అందరూ మోసానికే పేర్లు దాస్తారని కోర్టు అనుకుంటుంది.

రంగమ్మ వాంగ్మూలం

రంగమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతిలో వక్కాకు సంచి. ఈయన నాకు బాకీ లేడని ఆమె ప్రేమ కొద్దీ అబద్ధం చెబితే, చెంగల్రాయులు బోనులో చెప్పింది అబద్ధమవుతుంది. బాకీ ఉన్నాడు, కడుతున్నాడు అంటే దొరసామి ప్లీడరు మాట నిజమవుతుంది. రెండు దారులూ అమీను దగ్గరికే.

ఈయన నీకు బాకీయా అని జడ్జి గారు అడిగారు. ఆమె చెంగల్రాయులు వైపు తిరిగి చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు. మండిపోతూ ఉంది.

"ఊర్లో అందురికీ కోర్టు కాగితం వచ్చింది సామీ. దొరసామికి వచ్చింది, గోనెసంచులాయనకి వచ్చింది. నాకు రాలే. నేనిచ్చింది అప్పు కాదా? నన్ను మనిషి కింద లెక్కేసినాడా లేదా అడగండి."

ఆమె వక్కాకు సంచి విప్పి, తమలపాకుల కింద నుంచి నోట్ల చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. అతను ఇచ్చిన పదులూ ఇరవైలూ. ఒక్కటీ ఖర్చు పెట్టలేదు.

"ధర్మం చేసినట్టు దొంగసాటుగా చేతిలో పెడతా ఉండాడు. నాకొద్దు. అందురికీ రూపాయికి ఎంతొస్తే నాకూ అంతే ఈండి. దొరసామికి ఎంతో నాకూ అంతే."

దొరసామి ప్లీడరు లేవబోయి, కోటు సర్దుకుని కూర్చున్నాడు. ఏ ఒక్కరికీ ఎక్కువ ముట్టకూడదని ఆయన వాదన. ముట్టిందంతా తిరిగి బల్ల మీద ఉంది. ఆమె అడుగుతున్నదీ అదే. జడ్జి గారు ఆ డబ్బు రిసీవరుకు అప్పగించమన్నారు. జాబితాలో రంగమ్మ పేరు చేర్చి ఆమెకు పద్ధతి ప్రకారం నోటీసు ఇవ్వమన్నారు. పిటిషన్ అనుమతించారు. ఈ కోర్టులో సంగటి తినకుండా వచ్చిన మొదటి దివాలాదారు ఇతనే అని కూడా అన్నారు. కాబట్టి ఆయనకు అన్నీ తెలుసన్నమాట. ఇన్నేళ్లూ తల ఊపి రాసుకున్నదేమిటో నాకు అర్థం కాలేదు. అమీను గుమ్మం దగ్గర నుంచి వెళ్లిపోయాడు.

నోటీసు అందిన రోజు రంగమ్మ దాన్ని బస్టాండులో పదిమందికి చదివించుకుందట. రిసీవరు ఆఫీసులో డబ్బు పంచిన రోజు నేను ఉన్నాను. రూపాయికి మూడణాల చిల్లర వచ్చింది. వరసలో రంగమ్మ ముందు, ఆమె వెనక దొరసామి. ఆమె వేలిముద్ర వేసి, డబ్బు రెండుసార్లు లెక్కబెట్టుకుని, ఇక నువ్వు తీసుకోప్పా అన్నట్టు పక్కకు జరిగింది.

విడుదలకు గడువులోపలే దరఖాస్తు పెట్టించాను, పుత్తూరు పటం గుర్తొచ్చి. ఆస్తి బాకీల్లో సగానికి కూడా రాకపోతే విడుదల ఇవ్వనక్కరలేదని చట్టం, అది అతని చేతిలో లేని కారణం వల్లనైతే తప్ప. గాలివాన చెంగల్రాయులు చేతిలో లేదని దొరసామి ప్లీడరు కూడా ఒప్పుకోవలసి వచ్చింది. విడుదల వచ్చిన రోజు చెంగల్రాయులు ఒకటే అడిగాడు, ఇప్పుడు రంగమ్మకు మిగిలింది ఇస్తే తప్పా సార్ అని. ఇప్పుడు ఎవరికి ఏమిచ్చినా నీ ఇష్టం, ఏ చట్టమూ అడ్డు రాదన్నాను. ఈ ముక్క మీ క్లయింట్లకు మొదటి రోజే చెప్పండి. సగంమంది ఐ.పి.కి రాకపోవడానికి కారణం, వస్తే జీవితంలో ఎవరి బాకీ తీర్చకూడదేమోనన్న అపోహ.

చిన్న అక్షరాలు

ఎనభైల్లో వరదాచారి గారు పోయారు. ఆ ఇంటి ముందుగది, అరుగు నేను అద్దెకు తీసుకున్నాను. అరుగు ఫీజు ఎత్తేశాను. నా మంచితనమేమీ కాదు, నా కాఫీకి అంత పేరు లేదు.

ఒక రోజు పొద్దున్నే దొరసామి వచ్చాడు. తన పాత చోటులో వీధికి ఎదురుగా కూర్చున్నాడు. అలవాటు కొద్దీ హోటలు నుంచి కాఫీ తెప్పించాను. తాగాడు. ఎవరూ రాలేదు. రెండో కాఫీ తాగాడు. ఎవరూ రాలేదు. అతనికి అప్పిచ్చిన ఒకాయన స్కూటరు మీద పోతూ నవ్వి చెయ్యి ఊపాడు. బంకు అతను, దొరసామన్న మళ్లీ మొదలుబెట్టినాడు అనుకుని, కబురు మోసే శ్రమ కూడా తీసుకోలేదు. మిట్టమధ్యాహ్నం దాకా కూర్చుని, లేచి లోపలికి వచ్చాడు.

"ఈసారి నిజమే సార్" అన్నాడు.

ధర పెరుగుతుందని ఊళ్లో బెల్లమంతా కొని గోడౌనులో పెట్టాడు. తుపాను వానకు పైకప్పు కారింది. చూసుకునేసరికి గోడౌనులోంచి పానకం కాలవ కట్టి వీధిలోకి పారుతోంది. చిత్తూరు చీమలన్నీ ఆ వారం దొరసామి వీధిలోనే కాపురం పెట్టాయి. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వుకున్నాను, అబద్ధమెందుకు. కానీ కాగితం రాయడానికి కూర్చుని అతని చేతుల వంక చూశాను. ఉంగరాలు లేవు, ఉన్నచోట తెల్లటి చారలు ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది.

అప్పులవాళ్ల పేర్లు టకటకా చెప్పాడు. అంతేనన్నాడు. అప్పుడు నేను రంగమ్మ కేసు దగ్గర నుంచి ప్రతి క్లయింటునూ అడిగే ప్రశ్న అడిగాను. మీరూ ఇది మాత్రం నేర్చుకోండి. నోటీసు పంపడానికి నీకు ఎవరంటే సిగ్గు?

దొరసామి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఒగడు ఉండాడు. వద్దులే సార్" అన్నాడు.

ఎవరన్నాను.

"చెంగల్రాయులు. ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలకి కాయ తోల్తా ఉండాడు గదా. ఎవురూ అప్పు ఈనప్పుడు ఇచ్చినాడు. నోటు రాయించుకోలే. వడ్డీ మాట ఎత్తలే. వాని మీద వారంటు తెచ్చినోణ్ణి నేను. ఇప్పుడు వానికి కోర్టు కాగితం పోతే నేను మొగం యాడ పెట్టుకునేది సార్?"

ఈ మాట నేను ఇంతకుముందు విన్నదే. రంగమ్మ నోట్ల చుట్ట బల్ల మీద పెట్టిన రోజు ఆ కోర్టులో అతనూ ఉన్నాడు, ఆమె ఏమందో విన్నాడు. కలం పట్టుకుని ఊరికే కూర్చున్నాను. చివరికి అతనే, సరే రాయండి అన్నాడు. నేను రాయడం మొదలుపెట్టాక ముందుకు వంగి కాగితం వైపు చూశాడు.

"రోంత సిన్న అక్షరాలతో రాయండి సార్" అన్నాడు.

మిగతా పేర్లన్నీ ఎంత రాశానో, అంతే రాశాను.